పాత కారవాన్: బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది, తెల్లారేసరికి లైట్లు డల్లు, పంపు గుక్కలు. కొత్త బ్యాటరీ కొనాలా?

గోదారి_గట్టు (లెస్టర్)

అందరికీ నమస్కారం. 1996 మోడల్ బ్రిటిష్ కారవాన్ (కారు వెనక తగిలించి లాగే ఇంటి బండి), సెకండ్ హ్యాండ్. 110 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ లీజర్ బ్యాటరీ (బండి లోపలి లైట్లు, పంపులకి వాడేది), వయసు రెండేళ్ళు దాటింది. చార్జర్ కారవాన్‌తో వచ్చిన పాత ట్రాన్స్‌ఫార్మర్ రకమే. కారుకి రెండు ప్లగ్గులు, 12ఎన్ (రోడ్డు లైట్లకి), 12ఎస్ (ఫ్రిజ్, బ్యాటరీ చార్జింగు లాంటివాటికి). ఫ్రిజ్ గ్యాసు, మెయిన్స్, 12 వోల్టులు మూడింటి మీదా నడుస్తుంది.

లక్షణాలివి. సైటులో హుకప్ (బయటి మెయిన్స్ కరెంటు కేబుల్) పెడితే అన్నీ పనిచేస్తాయి, హాలోజెన్ లైట్లు మాత్రం సన్నగా వణుకుతాయి. హుకప్ తీసి బ్యాటరీ మీద పెడితే లైట్లు కొంచెం ఎర్రబడతాయి, కుళాయి తిప్పగానే ఇంకా డల్లవుతాయి, పంపు గుక్కలు గుక్కలుగా నీళ్ళిస్తుంది. పొద్దున్నకి బ్యాటరీ 11.6. గంటల తరబడి కారుతో లాగినా చార్జ్ ఎక్కదు, ఫ్రిజ్ చల్లబడదు. చలికాలమంతా బండి స్టోరేజీలోనే ఉంటుంది. లోడు ఏమీ లేనప్పుడు బ్యాటరీ దగ్గర 12.62, ఫ్యూజు బాక్సు దగ్గర 12.6. బ్యాటరీ మార్చేస్తే సరిపోతుందా?

వైరుముక్క

ఇప్పుడే కొనకండి. లోడు లేకుండా తీసిన రీడింగుతో ఏమీ తేలదు. మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. ముప్పై పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరుకి నిండు వోల్టేజే కనిపిస్తుంది. 8 ఆంపులు పారించాలి, అప్పుడు బయటపడుతుంది.

హుకప్ కేబుల్ ఊడదీయండి. నాలుగు హాలోజెన్లు వేయండి, కుళాయి తిప్పి పంపు నడుస్తుండగానే నాలుగు రీడింగులు తీయండి.

1. బ్యాటరీ పోస్టుల మీద. మీటరు ప్రోబు (ముల్లు) వైరు బిగించిన క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే ఆనాలి.
2. ఫ్యూజు బాక్సులోకి వచ్చే ప్లస్, మైనస్ మధ్య.
3. ఒక ప్రోబు బ్యాటరీ ప్లస్ పోస్టు మీద, రెండోది ఫ్యూజు బాక్సు ప్లస్ మీద. ప్లస్ దారిలో ఎంత పోతోందో నేరుగా చూపిస్తుంది.
4. అలాగే మైనస్ నుంచి మైనస్‌కి.

ప్రోబు అందకపోతే ఏదైనా సన్నని వైరు జోడించండి, అందులో కరెంటు పారదు కాబట్టి రీడింగు మారదు. ఒకటో రీడింగులోంచి రెండోది తీసేస్తే మూడు, నాలుగుల మొత్తం రావాలి. రాకపోతే ప్రోబు సరిగా ఆనలేదన్నమాట.

బెజవాడ_ఆటోఎలక్ట్రికల్

మా షెడ్డుకి ఇలాంటి కంప్లైంట్ వస్తే ముందు బాడీ ఎర్త్ చూస్తామండీ. బ్యాటరీ మైనస్ చాసిస్‌కి బిగించిన బోల్టు విప్పి, పెయింటు గీకి, ఎమరీ పేపరు పట్టి మళ్ళీ బిగించండి. లారీల్లో సగం డల్ లైట్లు అక్కడే బాగుపడతాయి.

ఓరుగల్లు_ఓల్టు (కొవెంట్రీ)

అన్నా, లారీకి కరెక్టే, కారవాన్‌కి కుదరది. ఈ పాత బండ్లకు చెక్క ఫ్రేము, బయట పల్చటి అల్యూమినియం రేకు. 12 వోల్టుల కరెంటు బాడీ గుండ వాపస్ రాదు. ప్రతి లైటుకు రెండు వైర్లు పోతయ్, మైనస్ గూడ వైరు మీదనే ఫ్యూజు బాక్సు కాడికి వస్తది. చాసిస్‌కు బిగించిన పచ్చ-పసుపు వైరు మెయిన్స్ ఎర్త్. దాన్ని ముట్టొద్దు, దాని మీద 12 వోల్టుల మైనస్ తగిలియ్యొద్దు.

కరెంటు యాడ పోతదంటే, మంచాల కింది పెట్టెల్ల స్క్రూ కనెక్టర్లు ఉంటయ్, లేకపోతే పాత ఓనరు వైరును కోయకుండ బిగించిన ప్లాస్టిక్ క్లిప్పు కనెక్టర్లు. వాటి లోపటి బ్లేడు రెండు మూడు పోగులనే పట్టుకుంటది, తేమ చేరితే చిలుము పడుతది. గవి కనిపిస్తే కోసి పారేసి, లగ్గు (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క) క్రింప్ చేసి, అంటే ఒత్తి బిగించి, జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు (వేడికి ముడుచుకునే గొట్టం) ఎయ్యుండ్రి. సోల్డర్ వద్దు. బండి ఊగుడుకు సోల్డర్ ఆగిన కాడనే వైరు విరుగుతది.

గోదారి_గట్టు

రీడింగులు: పోస్టుల మీద 12.2. ఫ్యూజు బాక్సులో 10.9. ప్లస్ వైపు 1.05, మైనస్ వైపు 0.25. బ్యాటరీ నుంచి బాక్సుకి సుమారు 3 మీటర్ల 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు.

వైరుముక్క

లెక్క సరిపోయింది. నాలుగు 10 వాట్ల బల్బులంటే 3.3 ఆంపులు, పంపు నాలుగున్నర వేసుకుందాం, మొత్తం 7.8. రాగి 2.5 స్క్వేర్ వైరు మీటరుకి సుమారు 0.007 ఓములు. 3 మీటర్లకి 0.021, కాబట్టి 0.16 వోల్టు పోవడం న్యాయమే. మైనస్‌లో మిగిలిన 0.09 క్లాంపు దగ్గర ఉంటుంది, శుభ్రం చేస్తే పోతుంది.

ప్లస్‌లో మాత్రం దాదాపు 0.9 వోల్టు అదనం. బ్యాటరీ ప్లస్ దగ్గర వైరు మధ్యలో ఫ్యూజు హోల్డర్ ఉంటుంది. లోడు మీదే దానికి అటూ ఇటూ ప్రోబులు పెట్టండి. మంచి ఫ్యూజు, హోల్డర్ కలిపి 0.1 దాటకూడదు.

గోదారి_గట్టు

0.85! గాజు ఫ్యూజు, మెలితిప్పే ప్లాస్టిక్ హోల్డర్. ముట్టుకుంటే వెచ్చగా ఉంది, ఒక కొస గోధుమ రంగుకి తిరిగింది. ఫ్యూజు మాత్రం పోలేదు.

వైరుముక్క

0.85ని 7.8తో గుణిస్తే 6.6 వాట్లు. అంత వేడి ఆ చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పుడుతోంది. లోపలి స్ప్రింగు వేడికి మెత్తబడుతుంది, పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే ఇంకా వేడి. ఫ్యూజు తీగ బాగానే ఉంటుంది కాబట్టి కంటితో చూసినవాళ్ళు ఇది బాగుందనే అనుకుంటారు.

హోల్డరు గీకి మళ్ళీ వాడకండి. మూత ఉన్న బ్లేడు ఫ్యూజు హోల్డర్ కొనండి, దాని తోక వైరు 2.5 స్క్వేరుకి తగ్గకూడదు. ఫ్యూజు ఇప్పుడున్న రేటింగే వేయండి, పెంచొద్దు. హోల్డరు ప్లస్ పోస్టుకి వీలైనంత దగ్గరుండాలి, కానీ సరిగ్గా బ్యాటరీ గాలి రంధ్రాల మీద కాదు. ఆ యాసిడ్ ఆవిరికే పాత హోల్డరు తినేసి ఉంటుంది.

విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్. ఉంగరం, వాచీ తీసేయండి. క్లాంపు మీద తెల్ల పొడి ఉంటే వంట సోడా నీళ్ళతో కడిగి, ఆరాక బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. జెల్లీ బిగించాకే, ముందు కాదు.

వాల్తేరు_వోల్ట్‌మీటర్

ఒక విషయం అందరూ వదిలేశారు. 7.8 ఆంపులకి పోస్టుల మీదే 12.62 నుంచి 12.2కి పడింది, అంటే 0.42. ఆరోగ్యంగా ఉన్న 110 బ్యాటరీ అంత చిన్న లోడుకి 0.2 చుట్టూ ఆగాలి. హోల్డరు మార్చాక లైట్లు వెలుగుతాయి గానీ తెల్లారేసరికి 11.6 సంగతి అలాగే ఉంటుంది.

ముందు డ్రైన్ (అన్నీ ఆపినా బ్యాటరీలోంచి కారిపోయే కరెంటు) కొలవండి, తర్వాత కెపాసిటీ.

డ్రైన్: అన్నీ ఆఫ్, చార్జర్ ఆఫ్. మీటరు ఎర్ర ప్రోబు 10 ఆంప్ రంధ్రంలోకి మార్చండి. మైనస్ క్లాంపు విప్పి, క్లాంపుకీ పోస్టుకీ మధ్య మీటరు పెట్టండి. ఆ స్థితిలో పంపు వేశారో, మీటరు లోపలి ఫ్యూజు మీద భారం. పని అయ్యాక ప్రోబుని తిరిగి వోల్టు రంధ్రంలో పెట్టడం మరవద్దు. ఆంప్ రంధ్రంలో ఉండగా బ్యాటరీ మీద ఆనిస్తే నేరుగా షార్టే. క్లాంప్ మీటరు అయితే డీసీ కొలిచేదే కావాలి, చవకవాటిలో చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి.

అలారం ఉన్న కారవాన్ 20, 30 మిల్లీ ఆంపులు తాగితే మామూలే. 50 దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ చూడండి.

గోదారి_గట్టు

అలారం లేదు. మొత్తం 190 మిల్లీ ఆంపులు. టీవీ యాంటెన్నా బూస్టరు ఫ్యూజు తీస్తే 150కి దిగింది (దాని చిన్న లైటు వెలుగుతూనే ఉంది, నేను గమనించలేదు). మిగతా ఫ్యూజులన్నీ పీకేసినా 150 కదలట్లేదు.

వాల్తేరు_వోల్ట్‌మీటర్

ఫ్యూజులన్నీ తీసినా కదలట్లేదంటే దొంగ ఫ్యూజు బాక్సుకి ముందే ఉన్నాడు. రెండే దారులు. ఒకటి చార్జర్ లోంచి వెనక్కి కారడం, చార్జర్ ప్లస్ వైరు తీసి చూస్తే తెలుస్తుంది. రెండోది ఎవరో నేరుగా బ్యాటరీ క్లాంపుకి తగిలించిన అదనపు వైరు. క్లాంపు మీద ఎన్ని వైర్లున్నాయో లెక్కపెట్టండి. సన్నని జత కనిపిస్తే దాని వెంటే వెళ్ళండి.

గోదారి_గట్టు

సన్నని జత ఉంది, ఫ్యూజు లేదు! వార్డ్‌రోబ్ వెనక నుంచి కారు స్టీరియోకి వెళ్తోంది. స్టీరియో వెనక పసుపు, ఎరుపు వైర్లు రెండూ మెలిపెట్టి టేపు చుట్టారు.

ఓరుగల్లు_ఓల్టు

గదే. కారు స్టీరియోల పసుపు వైరు మెమరీకి, ఎప్పటికీ కరెంటు ఉండాలె. ఎరుపు తాళం తిప్పితేనే రావాలె. కారవాన్ల తాళం లేదు కాబట్టి రెండూ కలుపుతరు, సెట్టు ఎన్నడూ నిద్రపోదు. ఎరుపు వైరుకు చిన్న స్విచ్చు పెట్టుండ్రి. పసుపు ఒక్కటే ఉంటే కొన్ని మిల్లీ ఆంపులే. ఆ జతకు బ్యాటరీ కాడ 5 ఆంపుల ఫ్యూజు ఇయ్యాలనే ఎయ్యుండ్రి. ఫ్యూజు లేని సన్న వైరు చెక్క గోడల నడుమ షార్టయితే బండి కాలుతది.

వైరుముక్క

కానీ 190 మిల్లీ ఆంపులు రాత్రి పన్నెండు గంటలకి 2.3 ఆంపియర్-అవర్లే. 110 బ్యాటరీని ఇది ఒక్క రాత్రిలో దింపలేదు. స్టోరేజీలో మాత్రం రోజుకి 4.6 చొప్పున పన్నెండు రోజుల్లో సగం ఖాళీ, నెల తిరక్కముందే పూర్తిగా ఖాళీ. లెడ్ యాసిడ్ ఖాళీగా నెలలు కూర్చుంటే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, తర్వాత చార్జ్ పెట్టినా కరగదు. 12.62 చూపిస్తున్నది ఆ మిగిలిన కాస్త ప్లేటే. మీ చలికాలం స్టోరేజీ చేసిన పని ఇది.

కెపాసిటీ పరీక్ష: నిండా చార్జ్ చేసి నాలుగైదు గంటలు వదిలేయండి. 12.7 ఉందా చూడండి. 5 ఆంపుల లోడు, అంటే ఆరు 10 వాట్ల హాలోజెన్లు, 5 గంటలు. 25 ఆంపియర్-అవర్లు పోతాయి. ఆపి రెండు గంటలు వదిలి కొలవండి. మంచి 110 అయితే 12.4 పైనే ఉండాలి. నడుస్తుండగా 11.8 తగిలితే అక్కడే ఆపేయండి.

లోడు తీసి వదిలేశాక వోల్టుల్ని బట్టి అంచనా: 12.7 నిండు, 12.4 ముప్పాతిక, 12.2 సగం, 12.0 పాతిక, 11.8 ఖాళీ. సగానికి కిందికి తరచూ దింపితే లీజర్ బ్యాటరీ అయినా ఎక్కువ కాలం ఉండదు.

గోదారి_గట్టు

మూడు గంటలకే 11.8 తగిలింది, ఆపేశాను. రెండు గంటల తర్వాత 12.05.

వాల్తేరు_వోల్ట్‌మీటర్

15 ఆంపియర్-అవర్లు తీస్తే సుమారు ముప్పై శాతం మిగిలింది. అంటే మొత్తం కెపాసిటీ ఇరవై చుట్టూ. 110 అనేది స్టిక్కరు మీద మాత్రమే ఉంది.

విప్పే మూతలు ఉంటే హైడ్రోమీటరు (యాసిడ్ సాంద్రత కొలిచేది) పెట్టండి: నిండు చార్జ్ మీద బ్యాటరీలో ప్రతి గదీ (సెల్లు) 1.265 నుంచి 1.280 ఉండాలి. ఒక గదికీ ఇంకో గదికీ 0.05 తేడా ఉంటే ఆ గది పోయినట్టే. ద్రవం తగ్గి ప్లేట్లు బయటపడితే డిస్టిల్డ్ వాటర్ పోయొచ్చు, యాసిడ్ ఎప్పుడూ పోయకూడదు. మీ సంఖ్యల్ని బట్టి మార్చడమే.

మన ఇళ్ళలో ఇన్వర్టర్‌కి పెట్టే పొడుగాటి ట్యూబులర్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. 150 ఆంపియర్-అవర్లది 50 కిలోలు దాటుతుంది, కారవాన్ బ్యాటరీ పెట్టెలో ఎత్తూ పట్టదు. వద్దు.

గోదారి_గట్టు

పాత చార్జర్‌తో కొత్త బ్యాటరీ బతుకుతుందా? హుకప్ మీద లైట్ల వణుకు దానివల్లేనా? లిథియం పెడితే?

వైరుముక్క

వణుకు దానివల్లే. ఆ కాలం చార్జర్లలో ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్ ఉంటాయి, సాఫు చేసే కెపాసిటర్ చాలావాటిలో ఉండదు. బ్యాటరీయే ఆ పని చేయాలి. మీ బ్యాటరీలో సత్తువ లేదు కాబట్టి సెకనుకి వందసార్లు ఎగిరిపడే వోల్టేజి నేరుగా లైట్లకి వెళ్తోంది. హుకప్ ఉండగా మీటరు ఏసీ వోల్టులకి తిప్పి బ్యాటరీ పోస్టుల మీద పెట్టండి, అర వోల్టు దాటితే ఇదే కారణం. డీసీలో కొలిస్తే సగటు మాత్రమే కనిపిస్తుంది, శిఖరం 17, 18 దాకా వెళ్ళొచ్చు. అందుకే బ్యాటరీ తీసేసి ఈ చార్జర్ మీదే బండి నడపకూడదు. మీరు ఎల్ఈడీలు పెట్టుకుంటే 10 నుంచి 30 వోల్టులు తట్టుకునే రకం తీసుకోండి, 12 అని మాత్రమే రాసినవి వద్దు.

కొత్త బ్యాటరీతో పాటే మల్టీ స్టేజ్ చార్జర్, 10 నుంచి 15 ఆంపులది. 14.4 దాకా ఎక్కించి తర్వాత 13.6 దగ్గర ఆగాలి. ఎప్పుడూ 14 దాటించని చార్జర్ బ్యాటరీని పూర్తిగా నింపదు, నింపకపోతే మళ్ళీ అదే సల్ఫేటు కథ. చార్జర్ మెయిన్స్ వైపు కనెక్షను అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

లిథియం ఈ బండికి ఇప్పుడు అనవసరం. సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జ్ చేయకూడదు, లెస్టర్ చలికాలంలో బయట పెట్టెలో అది తరచూ వచ్చే సమస్య. ఈ పాత చార్జర్ మీద అసలే వద్దు.

యారా_తీరం (మెల్‌బోర్న్)

లాగేటప్పుడు చార్జ్ ఎక్కని సంగతి వేరే లోపం అనుకుంటున్నాను. యూకే 12ఎస్ ప్లగ్గులో 1998 సెప్టెంబరు ముందు రెండో పిన్ను, నీలం, బ్యాటరీ చార్జింగుకి. తర్వాత దాన్ని ఖాళీగా వదిలేశారు. మీ కారవాన్ 1996ది, అది రెండో పిన్ను మీద ఎదురుచూస్తుంది. కారు కొత్తదైతే టోబార్ (వెనక బండి తగిలించే కడ్డీ) బిగించినవాళ్ళు ఆ పిన్నుకి ఏమీ ఇచ్చి ఉండరు.

ఇంజను నడుస్తుండగా కారు సాకెట్లో చూడండి: నాలుగు, ఆకుపచ్చ, ఎప్పుడూ 12. ఆరు, ఎరుపు, ఫ్రిజ్‌కి, ఇంజను నడిచేటప్పుడే. మూడు, తెలుపు, ఎర్త్. ఏడు, నలుపు, ఫ్రిజ్ ఎర్త్. మీటరుతో కాదు, 21 వాట్ల బ్రేక్ బల్బుకి రెండు వైర్లు అతికించి పరీక్షించండి. దాదాపు 1.75 ఆంపులు లాగుతుంది, చిలుము పట్టిన పిన్ను దాన్ని వెలిగించలేదు. కొన్ని కార్లు వెనక బండి లైట్లు గుర్తించాకే పిన్నులకి కరెంటు ఇస్తాయి, ఖాళీ సాకెట్ చూసి కంగారుపడొద్దు.

రెండో పిన్నుకి కారు నుంచి 15 ఆంపుల ఫ్యూజు, వోల్టేజి చూసి కలిసే రిలేతో (దానంతటదే కలిసి విడిపోయే స్విచ్చుతో) సరఫరా ఇప్పించండి. ప్లగ్గులో రెండు, ఆరు పిన్నుల్ని వైరుతో కలిపే చిట్కా ఎవరైనా చెబితే వినకండి. ఇంజను ఆపాక కూడా ఫ్రిజ్ హీటరు మీ లీజర్ బ్యాటరీ మీదే 10 ఆంపులు లాగుతూ ఉంటుంది.

గోదారి_గట్టు

రెండో పిన్ను ఖాళీయే, బల్బు వెలగలేదు. ఆరో పిన్ను మీద వెలిగింది. ఫ్రిజ్ దగ్గర, ఇంజను నడుస్తుండగా, 10.5.

యారా_తీరం

120 వాట్ల హీటరు 10 ఆంపులు లాగుతుంది. కారు బ్యాటరీ నుంచి ఫ్రిజ్ దాకా 8 మీటర్లు, రానూ పోనూ 16. 1.5 స్క్వేర్ వైరు అయితే 1.8 వోల్టులు, 2.5 అయితే 1.1, 4 అయితే 0.7 పోతాయి. కారు దగ్గర 13.8 ఉంటే ఫ్రిజ్ దగ్గర కనీసం 12 రావాలి. 10.5 అంటే మూడు వోల్టులకి పైగా పోతోంది, పిన్నులు కూడా కలిసే తింటున్నాయి. హీటరు పవరు వోల్టేజి వర్గంతో పడుతుంది కాబట్టి 12కి బదులు 10.5 అంటే 77 శాతం వేడే. ఫ్రిజ్ గోరువెచ్చగా ఉండటానికి అది చాలు.

ముందు ఆరు, ఏడు పిన్నులు శుభ్రం చేయండి. ప్లగ్గు విప్పి లోపల స్క్రూలు బిగించండి, వదులు స్క్రూ కిందే పోగులు నల్లబడతాయి. తర్వాత కారు వైపు ఆ రెండు వైర్లూ 4 స్క్వేరుకి మార్పించండి. ఏడో పిన్ను ఎర్త్‌ని మూడో దానితో కలపకుండా విడిగా బ్యాటరీ మైనస్ దాకా తీసుకెళ్ళండి. ఇంత చేసినా 12 వోల్టులు ఉన్న చల్లదనాన్ని నిలబెడతాయి తప్ప వెచ్చటి ఫ్రిజ్‌ని చల్లబరచవు. బయల్దేరే ముందు రాత్రే మెయిన్స్ మీద చల్లబరచాలి.

గోదారి_గట్టు

ఇక్కడిదాకా: బ్లేడు హోల్డరు, కొత్త లగ్గులు, శుభ్రం చేసిన క్లాంపులు. పాత బ్యాటరీ మీదే అదే లోడుతో బాక్సు దగ్గర నష్టం 1.3 నుంచి 0.38కి దిగింది. స్టీరియో స్విచ్చు పెట్టాక, బూస్టరు ఆపాక డ్రైన్ 8 మిల్లీ ఆంపులు. బ్యాటరీ, చార్జర్ ఆర్డరు పెట్టాను. ఇంకొక్కటి: పంపు ఒక్కోసారి కుళాయి మూసినా ఆగట్లేదు.

ఓరుగల్లు_ఓల్టు

నీళ్ళ ట్యాంకుల మునిగే పంపు అయితే కుళాయి కింద మైక్రోస్విచ్చు ఉంటది, తేమకు అతుక్కుపోతది. కుళాయి నుంచి వచ్చే రెండు వైర్లల్ల ఒకటి ఊడపీకుండ్రి. పంపు ఆగితే స్విచ్చు మార్చాలె. కుళాయిలు రెండుంటే ఒక్కొక్కటి విడిగ చూడాలె, అన్నీ పక్కపక్కనే జోడించి ఉంటయ్ కాబట్టి ఏది అతుక్కున్నా పంపు ఉరుకుతది. ప్రెషర్ స్విచ్చు రకమైతే, కుళాయిలన్నీ మూసినంక ఆగాగి టక్కుటక్కుమంటే యాడనో గొట్టం క్లిప్పు కాడ కారుతున్నట్టు. బాగు చేసేదాక పండేటప్పుడు పంపు ఫ్యూజు తీసి పెట్టుండ్రి. నీళ్ళు అయిపోయి ఉత్తగ తిరిగితే పంపు లోపటి సీలు కాలుతది.